"లో డోసే కదా" అన్న మాత్ర మూడ్‌ని ఏం చేస్తుంది

మా పిన్ని కూతురు ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అక్కా, నాకేం ప్రాబ్లం లేదు కానీ ఏడుపొస్తోంది" అంది. ఏమైందే అంటే ఏమీ కాలేదట, ఫ్రిజ్‌లో పెరుగు అయిపోయిందట, అంతే, దానికి బాత్రూంలోకెళ్ళి పావుగంట ఏడ్చిందట. పీసీఓడీ (డేట్లు తప్పించే అండాశయ హార్మోన్ల ఇబ్బంది) అని గైనిక్ రాసిన హార్మోన్ మాత్రలు, అంటే గర్భనిరోధానికి వాడేవే, అప్పటికి రెండో షీట్ నడుస్తోంది. పిన్నేమో "ఆఫీసు టెన్షను, పైగా సంబంధాలు చూస్తున్నాం కదా, దానికే బెంగ" అంటుంది. మెడికల్ షాపతను "ఇది లో డోసేనమ్మా, ఏం కాదు" అన్నాడు. ఇదేమో ఇంటర్నెట్లో చదివి "మాత్రల వల్లే డిప్రెషన్ వచ్చేసింది" అని ఫిక్సయిపోయింది. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, అదే అసలు చిక్కు.

ముందు ఆ "లో డోస్" సంగతి చూద్దాం. షీట్ వెనక్కి తిప్పితే సన్న అక్షరాల్లో రెండు పేర్లుంటాయి. ఒకటి ఇథినైల్ ఎస్ట్రాడయాల్, అంటే ఫ్యాక్టరీలో తయారైన ఈస్ట్రోజన్, దాని పక్కన 0.02 అనో 0.03 అనో 0.035 అనో మిల్లీగ్రాముల్లో రాసుంటుంది. రెండోది ప్రొజెస్టిన్, అంటే మన ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టిరోన్‌కి నకలు లాంటిది. ఆరోగ్య కేంద్రాల్లో ఫ్రీగా ఇచ్చే గర్భనిరోధక మాత్ర మాలా-ఎన్ తీసుకుంటే 0.03 ఈస్ట్రోజన్, 0.15 లీవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్. లో డోస్ అనే పేరు ఆ మొదటి నంబర్‌ని బట్టి వచ్చింది, 0.05 కంటే తక్కువుంటే లో డోస్ అంటారు. ఎందుకు ఆ గీత గీశారంటే రక్తం గడ్డకట్టే ముప్పు ఈస్ట్రోజన్‌తో పెరుగుతుంది కాబట్టి. అంటే అది కాళ్ళ నరాల కోసం, ఊపిరితిత్తుల కోసం పెట్టిన లెక్క, మనసు కోసం పెట్టింది కాదు. మూడ్ ఎలా ఉంటుందో ఆ నంబర్ చూసి చెప్పలేం, డాక్టరు కూడా చెప్పలేరు.

రెండో నంబర్ చూసి కూడా మోసపోకూడదు. మా చెల్లి షీట్ మీద డ్రోస్పైరినోన్ 3 మిల్లీగ్రాములు అని ఉంది, మాలా-ఎన్‌లో 0.15 కదా, "అంటే నాది 20 రెట్లు స్ట్రాంగా" అని అడిగింది. కాదు. అవి రెండూ వేరే వేరే కుటుంబాల మందులు, చిటికెడు ఇంగువనీ గరిటెడు చింతపండు పులుసునీ గ్రాముల్లో పోల్చినట్టుంటుంది. లీవోనార్జెస్ట్రెల్ టెస్టోస్టిరోన్ వంశంలోంచి వచ్చింది, కాస్త మగ హార్మోన్ పోకడలుంటాయి. డ్రోస్పైరినోన్ స్పైరనోలాక్టోన్ అనే నీరు తీసే మందుకి చుట్టం, అందుకే ఉబ్బరం తగ్గిస్తుంది. పీసీఓడీకి మన దగ్గర బాగా రాసే ఇంకో రకంలో 2 మిల్లీగ్రాముల సైప్రోటిరోన్ ఉంటుంది, అది మగ హార్మోన్‌ని అడ్డుకుంటుంది, మొటిమలకీ గడ్డం మీద వెంట్రుకలకీ అందుకే ఇస్తారు. ఇన్ని తేడాలున్న మందులన్నిటినీ కలిపి "హార్మోన్ మాత్రలు" అనేస్తాం, తర్వాత ఒకామెకి పడింది ఇంకొకామెకి ఎందుకు పడలేదని ఆశ్చర్యపోతాం.

ఇప్పుడు అసలు కథ. మాత్ర వేసుకుంటే ఒంట్లోకి హార్మోన్లు వస్తున్నాయి అని మాత్రమే ఆలోచిస్తాం, కానీ దానితోపాటు ఒంట్లోవి ఆగిపోతున్నాయి కూడా. మెదడుకి "హార్మోన్లు చాలినన్ని ఉన్నాయి" అని సిగ్నల్ వెళ్ళడంతో అది అండాశయానికి ఆర్డర్లు పంపడం మానేస్తుంది, అండం విడుదలవదు. అండం విడుదలైతేనే కదా ఆ తర్వాత రెండు వారాలు సొంత ప్రొజెస్టిరోన్ బాగా తయారయ్యేది, అది రాదు. సొంత ప్రొజెస్టిరోన్ ఒంట్లో కొంత విరిగి అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారుతుంది. పేరు నోరు తిరగదు గానీ పని చాలా సింపుల్, మెదడులో గాబా అనే బ్రేక్ సిస్టం ఉంటుంది, ఆ బ్రేక్‌ని ఇది కాస్త గట్టిగా తొక్కుతుంది. డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలు, మందు గ్లాసు కూడా పనిచేసేది ఆ గాబా మీదే. అంటే ఒంట్లోనే తయారయ్యే చిన్న నెమ్మదింపు మందు అన్నమాట. ఇదేదో థియరీ మాత్రమే అనుకోకండి, బాలింతలకి వచ్చే డిప్రెషన్‌కి 2019లో అమెరికాలో ఆమోదించిన బ్రెక్సనలోన్ అనే ఇంజక్షన్ అచ్చంగా ఈ అల్లోప్రెగ్ననలోనే.

మాత్రలో ఉన్న నకలు ప్రొజెస్టిన్ చాలావరకు ఇలా మారదు. గర్భం రాకుండా ఆపే డ్యూటీ చేస్తుంది, మెదడుని నెమ్మది పరిచే డ్యూటీ చెయ్యదు. సొంతది ఆగిపోయింది, దాని కుర్చీలో కూర్చున్నవాడికి ఈ పని రాదు. మరి అందరూ ఏడవాలిగా? ఏడవరు, ఎందుకంటే ఇదే అల్లోప్రెగ్ననలోన్ కొంతమంది ఆడవాళ్ళలో తిరగబడుతుంది, ప్రతి నెలా డేట్‌కి ముందు వారం అది పెరిగి తగ్గేటప్పుడే వాళ్ళకి విపరీతమైన చిరాకు, కోపం, చచ్చిపోవాలనిపించేంత దిగులు వస్తాయి. దాన్ని పీఎండీడీ అంటారు, మామూలు పీఎంఎస్, అంటే డేట్‌కి ముందు వచ్చే మామూలు చిరాకు కంటే చాలా తీవ్రం. వాళ్ళకి ఈ ఎగుడుదిగుడు ఆపేస్తే హాయి. డ్రోస్పైరినోన్ 3, ఈస్ట్రోజన్ 0.02 ఉన్న మాత్రని 24 రోజులు వేసుకుని 4 రోజులు ఆపే పద్ధతికి 2006లో అమెరికాలో పీఎండీడీ చికిత్సగా పర్మిషన్ కూడా ఇచ్చారు. చూశారా, మూడ్ పాడుచేస్తుందని ఒకామె ఆపేసిన మాత్రనే ఇంకొకామెకి మూడ్ బాగుచెయ్యడానికి రాస్తారు.

ఇవి కాక ఇంకో రెండు దార్లున్నాయి, చకచకా చెప్పేస్తా. మాత్రలోని ఈస్ట్రోజన్ లివర్ చేత ఒక ప్రోటీన్ ఎక్కువ తయారుచేయిస్తుంది, అది టెస్టోస్టిరోన్‌ని పట్టి కట్టేస్తుంది, దాంతో మొటిమలు తగ్గుతాయి, కొందరికి కోరిక కూడా తగ్గుతుంది. ఇంకోటి, మాత్రలు వాడేవాళ్ళకి ల్యాబ్‌లో కావాలని స్ట్రెస్ పెట్టి చూస్తే కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ మామూలుగా ఎగిరినంత ఎగరదని తేలింది. దానివల్ల రోజువారీ బతుకులో ఏం తేడా వస్తుందో మాత్రం అంత తేలిగ్గా ముడిపెట్టలేం.

ఈ గొడవ కొత్తదేం కాదు. 1956లో ప్యూర్టోరికోలో గర్భనిరోధక మాత్ర మీద మొదటి పెద్ద ట్రయల్ చేసినప్పుడు అక్కడ చూసుకున్న డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, 17 శాతం మంది వికారం, తల తిరగడం, తలనొప్పి లాంటి ఇబ్బందులు చెబుతున్నారని రిపోర్ట్ పంపింది. ఆ మాత్ర తయారుచేసిన పింకస్, రాక్ ఇద్దరూ ఆ ఇబ్బందుల్లో చాలావరకు మానసికమేనని తేల్చేశారు. 1960లో అమెరికాలో గర్భనిరోధానికి పర్మిషన్ వచ్చిన ఆ ఎనోవిడ్ మాత్రలో ప్రొజెస్టిన్ 9.85 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజన్ తరహా మెస్ట్రనాల్ 0.15 మిల్లీగ్రాములు. ఇవాళ్టి మాత్రల ముందు అది ఏనుగు డోసు. 1970లో అమెరికా సెనేట్ విచారణ జరిగితే మాత్రలు మింగిన ఆడవాళ్ళని ఒక్కరినీ సాక్షిగా పిలవలేదు, వాళ్ళే వెనక కుర్చీల్లోంచి లేచి అరిచి అడిగారు, మాత్రతోపాటు సైడ్ ఎఫెక్టుల కాగితం ఇవ్వడం ఆ గొడవ తర్వాతే మొదలైంది. డోసు తగ్గించుకుంటూ వచ్చారు, నిజం, కానీ "అంతా నీ మనసులోనే" అనే డైలాగ్ మాత్రం అదే డోసులో ఇప్పటికీ నడుస్తోంది అనిపిస్తుంది నాకు.

ఇక లెక్కల్లోకి వద్దాం, ఎందుకంటే ఇంటర్నెట్లో అందరూ చూపించేది ఒకే స్టడీ, దాన్ని సగమే చూపిస్తారు. డెన్మార్క్‌లో 15 నుంచి 34 ఏళ్ళ మధ్య పది లక్షలకి పైగా ఆడవాళ్ళ రికార్డులు తీసి 2016లో పేపర్ రాశారు. కంబైన్డ్ మాత్రలు (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నవి) వాడేవాళ్ళు మొదటిసారి డిప్రెషన్ మందు మొదలుపెట్టే అవకాశం వాడని వాళ్ళకంటే 1.23 రెట్లు. 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 1.8 రెట్లు. అమ్మో అనిపిస్తుంది. కానీ విడి సంఖ్యలు చూస్తే, ఏడాదికి వందమందిలో వాడనివాళ్ళు 1.7, హార్మోన్ పద్ధతులు వాడేవాళ్ళు 2.2. అంటే రెండొందల మంది ఏడాదిపాటు వాడితే అదనంగా ఒకరు. ఆ ఒక్కరికి అది చిన్న విషయం కాదు, మిగతా 199 మందిని బెదరగొట్టాల్సిన విషయమూ కాదు.

అదే స్టడీలో నాకు బాగా పట్టేసిన సంగతి ఇంకోటుంది. హార్మోన్ ఉన్న లూప్, అంటే గర్భసంచిలో పెట్టేది, రోజుకి 0.02 మిల్లీగ్రాముల దాకా లీవోనార్జెస్ట్రెల్ వదులుతుంది, అదీ ఎక్కువగా ఆ చుట్టుపక్కలే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్ళేది బాగా తక్కువ. మాత్రలో 0.15 కదా. డోసు పెరిగేకొద్దీ దిగులు పెరుగుతుంది అనుకుంటే లూప్ వాళ్ళకి దాదాపు ఏమీ ఉండకూడదు. ఉంది, 1.4 రెట్లు, కంబైన్డ్ మాత్రల కంటే ఎక్కువ! అంటే రెండిట్లో ఒకటి, డోసుకీ మూడ్‌కీ తిన్నగా గీత గీయలేం అనైనా అనుకోవాలి, లేకపోతే లూప్ పెట్టించుకునే వాళ్ళ పరిస్థితులే వేరు అనైనా అనుకోవాలి. రెండోది కొట్టిపారేయలేం. మాత్ర మొదలుపెట్టే వయసు, కొత్త బంధం, ఇల్లు వదిలి హాస్టల్‌కి రావడం, ఇవన్నీ ఒకేసారి వచ్చే సంగతులే కదా. మన దగ్గరైతే ఇంకో మెలిక, మాత్ర రాసేది పీసీఓడీకి, పీసీఓడీ ఉన్నవాళ్ళకి మాత్ర ముట్టకుండానే డిప్రెషన్, యాంగ్జయిటీ ఎక్కువ.

అందుకే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చిన ట్రయల్స్ ముఖ్యం. స్వీడన్‌లో 340 మందికి మూడు నెలలు సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు, ఎవరికి ఏది అని వాళ్ళకీ తెలీదు. మందు 0.03 ఈస్ట్రోజన్, 0.15 లీవోనార్జెస్ట్రెల్, అచ్చం మన మాలా-ఎన్ ఫార్ములా. 2017లో రిజల్ట్ ఏమొచ్చిందంటే డిప్రెషన్ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ "మొత్తంగా ఎలా ఉన్నావ్" అనే స్కోర్ అసలు మాత్ర వాళ్ళలో తగ్గింది. జబ్బు లేదు, బాగానూ లేదు. "నాకేం ప్రాబ్లం లేదు కానీ ఏడుపొస్తోంది" అన్న మాట ఇదే కదా! అదే దేశంలో, అదే ఏడాది వచ్చిన ఇంకో ట్రయల్, వేరే రకం మాత్రతో 202 మంది మీద చేసింది, దాంట్లో నెల మధ్యలో చిరాకు, ఆందోళన కొద్దిగా పెరిగాయి, డేట్ ముందు రోజుల్లో దిగులు తగ్గింది. నెల మొత్తానికి సగటు తీస్తే అటూ ఇటూ కొట్టేసుకుపోతుంది, బతికేవాళ్ళు సగటులో బతకరు.

ఇంకో చిన్న ట్రయల్, 34 మందే, వీళ్ళంతా ఇదివరకు మాత్రతో మూడ్ పాడైందని చెప్పినవాళ్ళు. ఒక్క నెల ఇచ్చి చూస్తే అసలు మాత్ర వచ్చినవాళ్ళకి మళ్ళీ మూడ్ దిగింది. చిన్నదైనా దీనికి నేను విలువిస్తా. అందరికీ సగటు తీసే స్టడీల్లో వీళ్ళు కనపడరు, ఎందుకంటే పడనివాళ్ళు రెండు నెలలకే మానేస్తారు, నాలుగేళ్ళు వాడినవాళ్ళని పట్టుకుని అడిగితే బాగానే ఉన్నామంటారు, పడింది కాబట్టే కదా వాళ్ళు ఇంకా వాడుతోంది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో అసలు జరిగే సంగతి. తెలుగు రాష్ట్రాల్లో గర్భనిరోధానికి రోజూ మాత్ర వేసుకునేవాళ్ళు చాలా తక్కువ, ఇక్కడ ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషనే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రలో పెళ్ళైన ఆడవాళ్ళలో 70 శాతం దాకా, తెలంగాణలో 60 శాతం పైన ఆపరేషన్ లెక్కే. హార్మోన్ మాత్ర మన దగ్గరికి వేరే తలుపుల్లోంచి వస్తుంది. ఒకటి పీసీఓడీ. ఇంకోటి డేట్ వాయిదా మాత్ర. వరలక్ష్మీ వ్రతం, గృహప్రవేశం, తిరుపతి ప్రయాణం, చెల్లెలి పెళ్ళి, దేనికో దానికి అడ్డొస్తుందని మెడికల్ షాపులో అడిగి తెచ్చేసుకుంటాం, ఎవరూ ఏం అడగరు. అది నోరెతిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు, మొత్తం 15. ఇదే మందు గర్భనిరోధక మినీ పిల్‌గా (ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మాత్ర) ఇస్తే రోజుకి 0.35. నలభై రెట్లకి పైనే! పైగా అందులో కొంచెం ఒంట్లోకెళ్ళాక ఇథినైల్ ఎస్ట్రాడయాల్‌గానే మారుతుంది, ఈ డోసులో అది ఒక కంబైన్డ్ మాత్ర వేసుకున్నంత పని అవుతుంది. కాబట్టి "లో డోస్" మాత్రని చూసి భయపడే మన పెద్దవాళ్ళే దీన్ని పసుపు కుంకుమల లిస్టులో రాసి తెప్పిస్తారు. కొద్దిరోజులే కాబట్టి చాలామందికి ఏం కాదు, కానీ పెళ్ళింట్లో పదిరోజులు అందరి మీదా విరుచుకుపడి, ఆపిన రెండు మూడు రోజులకి బ్లీడింగ్ మొదలై కూలబడిపోయిన పెద్దక్క గుర్తొస్తే ఆమెని గయ్యాళి అనే ముందు షీట్ చూడాల్సింది. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళైతే ఇది షాపులో అడిగి తెచ్చుకునే మందే కాదు.

మూడోది ఎమర్జెన్సీ పిల్. లీవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, అంటే మాలా-ఎన్ మాత్రలు పది ఒకేసారి మింగితే వచ్చేంత ప్రొజెస్టిన్. ఒక్క డోసే కాబట్టి ఒంట్లోంచి పోతుంది, కాకపోతే నెలలో మూడుసార్లు వేసుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి డేట్ ఎప్పుడో తెలీదు, ఆ టెన్షన్‌కి తోడు హార్మోన్ పైకీ కిందకీ.

ఇంకా ఒక సంగతి చాలామంది డాక్టర్ల దగ్గర కూడా జారిపోతుంది. బైపోలార్‌కో (మూడ్ విపరీతంగా పైకీ కిందకీ ఊగే జబ్బు) ఫిట్స్‌కో లామోట్రిజిన్ అనే మందు వాడుతుంటే, ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర మొదలుపెట్టగానే రక్తంలో ఆ మందు దాదాపు సగానికి పడిపోవచ్చు, గ్యాప్ వారంలో మళ్ళీ పైకి లేస్తుంది. మూడ్ నిలబెట్టే మందే తగ్గిపోతే ఇక మూడ్ ఏం నిలబడుతుంది. గైనిక్‌కి సైకియాట్రిస్ట్ చీటీ, సైకియాట్రిస్ట్‌కి గైనిక్ చీటీ చూపించకపోవడం మన అలవాటు, ఇక్కడ మాత్రం ఆ సిగ్గు పెట్టుకోవద్దు.

గ్యాప్ వారం అన్నా కదా, అక్కడికొద్దాం. 21 మాత్రలు, 7 రోజులు ఖాళీ, మాలా-ఎన్‌లో అయితే ఆ ఏడు రోజులకి ముదురు రంగు ఐరన్ మాత్రలు పెట్టారు. 21 రోజులు ఒకే లెవెల్లో వచ్చిన హార్మోన్ ఒక్కసారి ఆగిపోతుంది, కొందరికి ఆ నాలుగైదు రోజుల్లోనే తలనొప్పి, దిగులు, నిద్ర పట్టకపోవడం. అది మాత్ర వల్ల వచ్చిందా అంటే మాత్ర ఆపడం వల్ల వచ్చింది. ఇది కనిపెట్టడానికి టెస్టుల్లేవు, రక్తపరీక్షలో హార్మోన్ లెవెల్స్ చూపించి "నీ మూడ్ ఇందుకే" అని చెప్పే ల్యాబ్ ఉంటే నమ్మకండి. ఉన్నది ఒకటే దారి, రోజూ రాసుకోవడం.

మా చెల్లి చేత అదే రాయించా. ఫోన్ నోట్స్‌లో రోజుకో లైను, మాత్ర నంబరు, నిద్ర ఎన్ని గంటలు, మూడ్‌కి పదికి మార్కులు. మొదట్లో తిట్టుకుంది, నాకు పది పెట్టి నీకు సున్నా పెడతా అంది. రెండు షీట్లు అయ్యాక ఇద్దరం కూర్చుని చూస్తే, మాత్రలు నడుస్తున్న రోజుల్లో అయిదు, ఆరు, ఏడు. గ్యాప్‌లో రెండోరోజు నుంచి మూడు, రెండు, రెండు, మూడు. పెరుగు అయిపోయిన రాత్రి ఏ రోజో లెక్కేస్తే గ్యాప్‌లో మూడోరోజు! పెళ్ళిచూపులు జరిగిన ఆదివారానికి మాత్రం ఆరు ఉంది, పిన్నికి అది చూపించాం.

ఇలా రాసి తీసుకెళ్తే డాక్టరు దగ్గర మాట మారుతుంది. ప్రొజెస్టిన్ రకం మార్చొచ్చు, గ్యాప్ తగ్గించొచ్చు, గ్యాప్ లేకుండా వరుసగా షీట్లు వాడించొచ్చు, హార్మోనే వద్దంటే కాపర్ టీ ఉంది, లక్నో సీడీఆర్ఐ వాళ్ళు కనిపెట్టిన ఛాయా మాత్ర ఉంది, అందులో ఈస్ట్రోజన్ గానీ ప్రొజెస్టిన్ గానీ లేవు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. అంతరా అనే గర్భనిరోధక హార్మోన్ ఇంజక్షన్ విషయంలో మాత్రం ఒకసారి ఆలోచించుకోవాలి, పడకపోతే మాత్ర ఇవాళే ఆపొచ్చు, ఇంజక్షన్ మూడు నెలలు ఒంట్లోనే ఉంటుంది. గర్భం రాకూడదని వాడేవాళ్ళు మాత్ర ఆపిన రోజునుంచే ఇంకో పద్ధతి పెట్టుకోవాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. కొత్తగా మొదలుపెట్టినప్పుడు మూడు నెలలు చూడమంటారు, ఒళ్ళు అలవాటు పడుతుందని, మామూలు చిరాకు వరకు ఆ మాట సరే. చచ్చిపోవాలనిపిస్తే మూడు నెలలు కాదు మూడు రోజులు కూడా ఆగకూడదు. యూరప్ మందుల సంస్థ 2018లో ఈ హెచ్చరిక మాత్రల కాగితంలో చేర్చమంది. అలాంటప్పుడు ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్ళాలి, అర్ధరాత్రైతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416, తెలుగులో మాట్లాడతారు.

మా చెల్లికి గైనిక్ 24-4 షీట్ రాసింది. అందులో ఈస్ట్రోజన్ కూడా 0.03 నుంచి 0.02కి తగ్గింది, గ్యాప్ కూడా ఏడు నుంచి నాలుగుకి తగ్గింది. రెండో నెలకి గ్యాప్ మార్కులు అయిదు దాటాయి. గ్యాప్ తగ్గినందుకా, డోసు మారినందుకా అని నేను తెగ ఆలోచిస్తుంటే, "అక్కా, అదే నెలలో మా ప్రాజెక్ట్ రిలీజ్ కూడా అయిపోయింది, మేనేజర్ లీవ్‌లో ఉన్నాడు, అది కూడా రాసుకో" అంది.